కామన్ లిస్ప్‌లో పార్సర్లు, లిస్టులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: లిస్టు చివర చేర్చాలంటే అపెండ్ ఉందిగా!

వాస్తవం: ఒకటి రెండు సార్లకైతే ఫరవాలేదు. లూపులో మాత్రం వద్దు. టోకెన్ (టెక్స్టులోంచి విడదీసిన ఒక్కో ముక్క) దొరికినప్పుడల్లా దాన్ని అపెండ్‌తో తోకకు తగిలించే పార్సర్లు (టెక్స్టును చదివి విడమర్చే ప్రోగ్రాములు) ఎన్ని దిద్దినా మళ్ళీ ఎదురవుతూనే ఉంటాయి. అపెండ్ తన చివరి ఆర్గ్యుమెంటు తప్ప మిగతా అన్నిటినీ కాపీ చేస్తుంది. అంటే ఒక్క టోకెన్ కోసం అప్పటిదాకా పోగైన లిస్టంతా కొత్త కాన్స్ సెల్స్‌గా (లిస్టును కట్టే గొలుసు ముక్కలుగా) మళ్ళీ పుడుతుంది. 10,000 టోకెన్లకు ఆ కాపీలు 4,99,95,000. పది లైన్ల టెస్టు ఫైలుతో ఇదేమీ బయటపడదు. అసలు ఫైలు ఇచ్చాక ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది, నింద మాత్రం "లిస్ప్ స్లో" అని భాష మీద పడుతుంది.

పుష్‌తో ముందువైపు చేర్చండి. లూపు ముగిశాక లిస్టును అక్కడికక్కడే తిప్పేసే ఎన్‌రివర్స్ ఒక్కసారి చేయండి. 10,000 టోకెన్లకు 10,000 సెల్సే ఖర్చు. లూప్ మాక్రోలో కలెక్ట్ వాడినా సరే, వరుస తిరగబడే బాధే ఉండదు.

ఇక్కడే కొత్తవాళ్ళు కంగారు పడతారు: "ఎన్‌రివర్స్ చేశాక ఒక్క టోకెనే మిగిలింది, డేటా పోయింది!" పోలేదు, భయపడకండి. మీ వేరియబుల్ ఇంకా పాత మొదటి సెల్‌నే చూపిస్తోంది, ఆ సెల్ ఇప్పుడు లిస్టు చివరికి చేరింది. ఎన్‌రివర్స్ తిరిగిచ్చిన విలువను సెట్ఎఫ్‌తో మళ్ళీ దాచుకోండి, లేదా నేరుగా రిటర్న్ చేయండి. సార్ట్‌కూ ఇదే నియమం. మీరు పుష్‌తో కట్టుకున్న లిస్టు మీ సొంతం, దాన్ని నిశ్చింతగా తిప్పొచ్చు. కోడ్‌లో కోట్ పెట్టి రాసిన లిస్టు మీది కాదు. దాన్ని మార్చితే ఏమవుతుందో స్టాండర్డ్ హామీ ఇవ్వదు, ముందు కాపీ-లిస్ట్ చేయండి.

అపోహ: అంతా రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) రాస్తేనే అసలైన లిస్ప్.

లిస్ప్ కుటుంబంలోనే ఉన్న మరో భాష స్కీమ్‌లో, టెయిల్ కాల్ (ఫంక్షన్ చివరి పనిగా చేసే కాల్) ఎన్నిసార్లు జరిగినా స్టాక్ పెరగదన్న హామీ ఉంది. 1994 నాటి ఆన్సీ కామన్ లిస్ప్ స్టాండర్డ్‌లో లేదు. లిస్టు పొడవునా నడవడానికి డోలిస్ట్, లూప్ చాలు. ఒకదానిలో ఒకటి ఇమిడిన బ్రాకెట్లను పార్స్ చేసేటప్పుడు రికర్షన్ చక్కగా కుదురుతుంది.

అపోహ: సంఖ్యను చదవాలంటే ముందు సబ్‌సీక్‌తో ముక్క కోయాలి.

అక్కర్లేదు. పార్స్-ఇంటీజర్‌కు స్టార్ట్ ఇచ్చి, జంక్-అలౌడ్‌ను టీ (లిస్ప్‌లో "నిజం") చేయండి. "42,17" ఇస్తే రెండు విలువలొస్తాయి: 42, ఆగిన స్థానం 2. మల్టిపుల్-వాల్యూ-బైండ్‌తో రెండూ పట్టుకుని, కామా దాటి 3 నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. అంకెలే లేకపోతే మొదటి విలువ నిల్ (లిస్ప్‌లో "ఏమీ లేదు"), అది చూసుకోకుండా ముందుకెళ్ళొద్దు.

అపోహ: స్ట్రింగ్‌ను లిస్ప్ కోడ్‌లా చదివే రీడ్-ఫ్రమ్-స్ట్రింగ్ ఉండగా వేరే పార్సర్ ఎందుకు?

బయటి నుంచి వచ్చిన టెక్స్టుకు అది ప్రమాదం. హ్యాష్ గుర్తు, చుక్క పక్కపక్కన ఉంటే చాలు, వాటి వెనకున్న కోడ్ చదివేటప్పుడే రన్ అవుతుంది. రీడ్-ఇవాల్‌ను నిల్‌కు బైండ్ చేస్తే ఆ దారి మూసుకుంటుంది గానీ, కనబడ్డ ప్రతి కొత్త పేరూ సింబల్‌గా మీ ప్యాకేజీలో చేరిపోవడం ఆగదు.