ప్లైవుడ్ మీద రంగు పగుళ్లు: అపోహలు - వాస్తవాలు

"మెరైన్ ప్లై ఎట్టించినాం కదా మేస్త్రీ, అయినా పగిలిపోనాదేటి?" సోంపేట నుంచి భోగాపురం దాకా సముద్రం పక్క ఊళ్లలో రంగుల పనికి వెళ్తే మాకు తప్పని ప్రశ్న ఇది.

అపోహ: వాటర్‌ప్రూఫ్ ప్లై అయితే రంగు పగలదు.

ఐ.ఎస్. 710 (మెరైన్ ప్లైకి భారత ప్రమాణం) ముద్ర ఉన్న ప్లైలో నీటికి తట్టుకునేది ముఖ్యంగా జిగురు. పొరలు విడిపోవు, అంతే. పైపొర మాత్రం చెక్కే. దుంగను తిప్పుతూ కత్తితో ఒలిచి తీస్తారు. ఒలిచేటప్పుడే అందులో కంటికి ఆనని చీలికలు పడతాయి. వానాకాలం తేమకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఆ చీలిక తెరుచుకున్నప్పుడల్లా పైన బిగుసుకున్న రంగు సాగలేక చిట్లుతుంది. పగుళ్లు చెక్క చారల వెంబడే వరసగా ఉన్నాయంటే సంగతి ఇదే. మొసలి చర్మంలా అన్ని వైపులా ఉంటే మాత్రం తప్పు మా పనిది: కింది కోటు ఆరకుండా పైది వేశారన్నమాట. సంక్రాంతికి వారం ముందు పిలిస్తే మరేం జరుగుతుంది!

అపోహ: ఎన్ని కోట్లు వేస్తే అంత గట్టి.

ఆయిల్ ఎనామిల్ ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. మందం పెరిగేకొద్దీ పెళుసవుతుంది. బయటి చెక్కకి సాగే అక్రిలిక్ రంగు పల్చగా వేయడం మేలు.

అపోహ: కనబడే వైపు వేస్తే చాలు.

నీళ్లు ఎక్కువగా తాగేది అంచు. తలుపు అడుగున, బీరువా వెనక ఎవరూ చూడరని వదిలేస్తారు. వడ్రంగి బిగించకముందే ఆరు వైపులా ప్రైమర్ పడాలి. కోసిన అంచుకి రెండుసార్లు.

అపోహ: పగుల్లో లప్పం పెట్టి రంగేస్తే సరి.

వచ్చే వానలదాకా సరే. సిమెంటుతో చేసే గోడ పుట్టీ అయితే అదీ అనుమానమే. ముందు తట్టి చూడండి. డొల్లగా మోగితే పొర ఊడినట్టు, ఆ ముక్క మార్చాల్సిందే. డొల్లగా మోగకపోతే తేమ ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపి, బాగా ఆరనిచ్చి, రంగంతా చెక్క తేలేదాకా గీకి, చారల వెంబడే ఎమెరీ పట్టాలి. దానిమీద ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్)తో సన్నటి ఫైబర్ గుడ్డ అంటిస్తే చీలికలు కదిలినా రంగుదాకా రావడం తగ్గుతుంది. మన తీరంలో ఫైబర్ తెప్పలకి వాడేలాంటి గుడ్డే, ఇంకాస్త పల్చనిది. తెప్పలకి వాడే పాలిస్టర్ రెసిన్ మాత్రం వద్దు, చెక్కని అంత గట్టిగా పట్టుకోదు. ఎపాక్సీ ఎండకి ఆగదు కాబట్టి గట్టిపడ్డాక ఎమెరీ పట్టి, ప్రైమరూ రంగూ వేయాలి. చేతికి గ్లవ్సు, ముక్కుకి మాస్కు తప్పనిసరి.

ఇదంతా బయటి తలుపుకి. వంటింటి అలమరాకి ఇంత ఖర్చెందుకు? చదును చేసి సన్‌మైకా అంటించేయండి, మాకు పని పోయినా ఫర్వాలేదు.