రెండు కిలోల ప్యాకెట్, పంతొమ్మిదేళ్ల కుర్రాడు

గంజాయి మన డెల్టా పంట కాదు. పాడేరు, చింతపల్లి కొండల మీద, అవతల ఒడిశాలో పండి, నర్సీపట్నం, తుని మీదుగా కిందికి దిగి హైవే ఎక్కుతుంది. రావులపాలెంలో బస్సు దిగిన కుర్రాడి కాలేజీ బ్యాగులో, బట్టల మధ్య, బ్రౌన్ టేపు చుట్టిన రెండు కిలోల ప్యాకెట్ దొరికిందనుకుందాం. వయసు పంతొమ్మిది. పాత కేసుల్లేవు. ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "మొదటి తప్పు కదండీ, ఏ ఆస్పత్రిలోనో నాలుగు రోజులు పని చేయించి వదిలేయరా?"

చిన్న దొంగతనమైతే ఆ మాట అడగొచ్చు. జైలుకి పంపకుండా మంచి నడవడి షరతు మీద వదిలే 1958 ప్రొబేషన్ చట్టం ప్రకారం 21 ఏళ్లలోపు వాణ్ణి జైలుకి పంపాలంటే, యావజ్జీవం పడే నేరమైతే తప్ప, కోర్టు కారణం రాయాలి. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనైతే సమాజ సేవ ఒక శిక్షే. అయిదు వేల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి తిరిగిచ్చేసినవాడికి అది చాలు.

గంజాయికి ఆ దారి 1985లోనే మూసుకుపోయింది. అంతకుముందు సర్కారు లైసెన్సు దుకాణాల్లో అమ్మిన సరుకే ఇది. 1961 అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చిన పాతికేళ్ల గడువు దగ్గరపడేసరికి ఢిల్లీలో హడావుడి మొదలైంది. ఆగస్టులో బిల్లు పెట్టారు, నవంబరు 14కల్లా మత్తుమందుల మీద తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం అమలైంది. అందులోని 33వ సెక్షన్ ప్రొబేషన్‌ని పక్కన పెట్టేసింది. మినహాయింపు ప్రధానంగా 18 నిండనివాళ్లకీ, సొంతానికి వాడుకున్నవాళ్లకీ. 21 కాస్తా 18 అయింది. మన కుర్రాడు సరిగ్గా ఆ మూడేళ్ల సందులో ఇరుక్కున్నాడు.

2001 సవరణతో శిక్షకి తూకమే కొలత అయింది. కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే పదేళ్లకి తగ్గని జైలు. మధ్యలో పదేళ్ల దాకా వేయొచ్చు, కనీసం ఇంత అని లేదు. అంటే జడ్జి ఏళ్లు తగ్గించగలరు గానీ జైలు తప్పించలేరు. రిమాండులో గడిపిన రోజులు శిక్షలో కలుస్తాయి, అదొక్కటే ఊరట. 39వ సెక్షన్ కింద చికిత్సకి పంపే వీలుంది గానీ అది వ్యసనపరుడికి, అదీ చిన్న మొత్తం దొరికితేనో, తాగుతూ పట్టుబడితేనో. నాలుగు డబ్బుల కోసం మోసినవాడికి ఇంత దయ కూడా లేదు. నాకు ఇది తలకిందులుగానే కనిపిస్తుంది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లోనూ ఒకప్పుడు ఇంతే. పెద్ద ఎత్తున సరఫరా చేసినవాడికి, ప్రత్యేక కారణముంటే తప్ప, జైలేనని 1990లో అక్కడి కోర్టు అంది. 2017లో అయిదుగురు జడ్జీలు ఆ సూత్రాన్ని వదిలేశారు. ఇప్పుడక్కడ తగిన కేసుల్లో, ఊళ్లోనే నిఘా కింద శిక్ష అనుభవించే ఉత్తర్వు ఇవ్వొచ్చు.

ఇక్కడ మాత్రం వాదనంతా తక్కెడ దగ్గరే. పూత తోడు లేని ఆకులు, గింజలు చట్టం లెక్కలో గంజాయి కావు. అందుకే వకీలు కుర్రాడి వయసు కన్నా ముందు అడిగేది, ప్యాకెట్‌లో ఉన్నది విడదీసి తూచారా, మొత్తంగా తూచారా అని. కిలోలోపు తేలితే పదేళ్ల దాకా పడే కేసు ఏడాదికి దిగుతుంది.