"ఏడు ఇక పడాల్సిందే" అనే లెక్క, క్రాప్స్ టేబుల్ దగ్గర మనవాళ్ల మిగతా అపోహలు

నేను లాస్ వెగాస్ క్యాసినోలో క్రాప్స్ డీలర్‌ని. క్రాప్స్ అంటే రెండు పాచికలు విసిరి ఆడే జూదం. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే మా టేబుళ్ల చుట్టూ తెలుగు వినిపిస్తుంది. బే ఏరియా నుంచి, ఫీనిక్స్ నుంచి కార్లేసుకుని, డాలస్ నుంచి ఫ్లైటెక్కి వస్తారు. నా నేమ్ ట్యాగ్ చూసి "అక్కా, మీరు తెలుగా?" అని ఒకరు అడుగుతారు, వెంటనే పక్కవాళ్లు "ఏడు పడి ఎంతసేపైంది?" అంటారు. ఆట నడుస్తుండగా టేబుల్ దగ్గర ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదన్నది మా దగ్గర రూలు. అందుకని నవ్వి ఊరుకుంటాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెప్తున్నాను. కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు: పాచికలు విసిరేవాడు షూటర్, అతను గెలుస్తాడని వేసే పందెం పాస్ లైన్. రౌండులో మొదటి త్రో కమౌట్. అక్కడే తేలకపోతే, పడిన అంకె పాయింట్ అవుతుంది. అది మళ్లీ పడేలోపు ఏడు పడితే సెవెన్ అవుట్, పాస్ లైన్ ఓడినట్టే.

అపోహ: చాలాసేపటి నుంచి ఏడు పడలేదు కాబట్టి ఇప్పుడు పడుతుంది

మనవాళ్ల డబ్బు అన్నిటికంటే ఎక్కువగా పోయేది దీనివల్లే. కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను, మీకు విసుగొచ్చినా సరే.

రెండు పాచికలు కలిసి 36 విధాలుగా పడొచ్చు. అందులో 6 విధాలు ఏడు. అంటే ఆరింట ఒకటి. వరసగా ఇరవై త్రోలు ఏడు లేకుండా పోయాయనుకోండి. ఇరవై ఒకటో త్రోకి అవకాశం ఎంత? ఆరింట ఒకటే. పాచికలకు లెక్క రాదు, లెక్క రాసుకునేది మనం. ఇరవై త్రోల్లో ఒక్క ఏడూ పడకపోవడం నూటికి రెండు మూడు సార్లు జరిగేదే. పగలూ రాత్రీ టేబుళ్లు నడిచే ఊళ్లో అది రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది.

తమాషా ఏంటంటే, ఒకే టేబుల్‌కి ఆ చివర ఒకాయన "ఏడు రావట్లేదు, టేబుల్ వేడి మీదుంది" అని పందెం పెంచుతాడు. ఈ చివర ఇంకొకాయన "ఏడు రావట్లేదు కాబట్టి ఇక రావాలి" అని ఎనీ సెవెన్ మీద, అంటే తర్వాతి త్రో ఏడే అనే పందెం మీద, వేస్తాడు. ఇద్దరూ చూపించే సాక్ష్యం ఒకటే. ఇద్దరికీ నేను డబ్బు కట్టిన సందర్భాలూ ఉన్నాయి, ఇద్దరి చిప్సూ లాగేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. వాళ్ల సిద్ధాంతానికీ దానికీ సంబంధం లేదు.

కొంచెం చదువుకుని వచ్చేవాళ్లు దీన్నే ఇంకోలా చెప్తారు: "షూటర్ సగటున ఎనిమిదిన్నర త్రోలకు సెవెన్ అవుట్ అవుతాడట కదా, ఎనిమిది దాటగానే పందేలు తీసేస్తాను." ఆ సగటు నిజమే. కానీ అప్పటికే ముప్ఫై త్రోలు వేసిన షూటర్ కొత్త కమౌట్‌కి వచ్చి నిలబడితే, అక్కడి నుంచి ముందుకు సగటు మళ్లీ ఆ ఎనిమిదిన్నరే. గడిచినవి అందులోంచి తీసేయడానికి లేదు.

1989 మే 28న ఇక్కడే డౌన్‌టౌన్‌లోని కాలిఫోర్నియా హోటల్‌లో స్టాన్లీ ఫుజిటాకే అనే హవాయి ఆయన మూడు గంటల ఆరు నిమిషాలపాటు సెవెన్ అవుట్ కాకుండా 118 త్రోలు వేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 2009 మే 23న అట్లాంటిక్ సిటీ బోర్గాటాలో పెట్రీషియా డెమౌరో అనే ఆవిడ 154 త్రోలు వేసింది, నాలుగు గంటల 18 నిమిషాలు. ఆ రాత్రి యాభయ్యో త్రో దగ్గర "ఇక పడాల్సిందే" అని ఎదురు పందేనికి దిగినవాడి గతేంటో ఆలోచించండి. వందో త్రో దగ్గర వాడి నమ్మకం ఇంకా గట్టిపడి ఉంటుంది.

ఈ నమ్మకం ఒక్కటే ఉంటే కొంచెం డబ్బుతో పోతుంది. దీనికి తోడు పందెం రెట్టింపు చేసుకుంటూ పోవడం కలిస్తేనే కొంప మునుగుతుంది. "ఓడిన ప్రతిసారీ డబుల్ చేస్తా, ఎప్పుడో ఒకసారి గెలవక తప్పదు కదా, పోయిందంతా వచ్చేస్తుంది." పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి అని మనకో మాట కూడా ఉంది. పేకాటలో, సంక్రాంతి బరుల పక్కన గుండాట దగ్గర ఎన్ని కొంపలు కూల్చిందో ఆ మాట!

ఒకసారి పాతికేళ్ల కుర్రాడొకడు స్నేహితులతో వచ్చాడు. నేను ఆ చివర బేస్ మీద, అంటే పందేలకు డబ్బు కట్టే చోట, ఉన్నాను. ఫోన్లో ఎక్సెల్ షీట్ తెరిచిపెట్టుకున్నాడు. 15 డాలర్ల టేబుల్. పాస్ లైన్ మీద 15, పోతే 30, పోతే 60, అలా ఏడు మెట్లు. తాగడు, అరవడు, ఎంతో బుద్ధిగా ఆడుతున్నాడు. చాలాసేపు నడిచింది కూడా. మూడో మెట్టుకో నాలుగో మెట్టుకో గెలవడం, 15 డాలర్లు పక్కన పెట్టుకోవడం, మళ్లీ మొదటికి రావడం. స్నేహితులు భుజాలు తడుతున్నారు. తర్వాత ఒక వరస వచ్చింది. 240 పోయింది, 480 పోయింది. 960 పెట్టేటప్పుడు చెయ్యి వణకడం నాకు కనిపించింది. పాయింట్ 6, రెండో త్రోకే ఏడు. తర్వాత పెట్టాల్సింది 1,920. టేబుల్ మీద బోర్డు 15 నుంచి 1,000 వరకు అని చెప్తోంది. ఎక్సెల్‌లో ఇంకో గడి ఉంది, టేబుల్ మీద లేదు. ఉన్నా వాడి దగ్గర చిప్స్ లేవనుకోండి.

వాడి తెలివిని తప్పు పట్టను. లెక్కలో ఒక్క వరస మాత్రమే వదిలేశాడు. ఆ వరస ఇది: పాస్ లైన్‌లో 495 పందేలకు సగటున 244 గెలుస్తాయి, 251 ఓడతాయి. వరసగా ఏడు ఓడిపోవడం సుమారు 116 ప్రయత్నాల్లో ఒకసారి జరుగుతుంది. మిగతా 115 సార్లు 15 డాలర్ల చొప్పున వచ్చేది 1,725. ఆ ఒక్కసారి పోయేది 15 నుంచి 960 వరకు అన్నీ కలిపి 1,905. ఎనిమిది గంటల ఆటకు ఒకసారి తగిలే లెక్క ఇది. వీకెండంతా నిలబడేవాళ్లకు తగలడంలో వింతేమీ లేదు. దానికి దురదృష్టం అనే పేరు పెట్టకండి.

రెట్టింపు చేయడం వల్ల హౌస్ ఎడ్జ్, అంటే పందెంలో క్యాసినోకి సగటున మిగిలే వాటా, ఒక్క పైసా కూడా తగ్గదు. చిన్న చిన్న గెలుపులు ముందు కనిపిస్తాయి, పెద్ద ఓటమి వెనక ఉంటుంది. అంతే తేడా.

అపోహ: డైస్ మార్చేశారు

ఆ కుర్రాడి స్నేహితుడు నన్నడిగిన మొదటి మాట ఇదే. బాధలో ఉన్నవాడు అడిగితే కోపం రాదు, వాట్సాప్‌లో పంచేవాళ్ల మీదే వస్తుంది. ఇవి శకుని పాచికలు కావండీ. సెల్యులోజ్ అసిటేట్‌తో చేసిన పారదర్శకమైన డైస్, లోపల ఏముందో కంటికే కనిపిస్తుంది. చుక్కల గుంటల్లో నింపే రంగు కూడా ఆ ప్లాస్టిక్ అంత బరువే ఉంటుంది. ప్రతి సెట్‌కీ సీరియల్ నంబరు ఉంటుంది. డైస్ టేబుల్ మీంచి కింద పడితే బాక్స్‌మన్ (టేబుల్ పర్యవేక్షకుడు) చేతిలోకి తీసుకుని తిప్పి చూశాకే మళ్లీ ఆటలోకి వస్తుంది. పాస్ లైన్ మీదే 1.41 శాతం వాటా చట్టబద్ధంగా వచ్చేచోట లైసెన్సు పోగొట్టుకునే పని ఎవడు చేస్తాడు?

డైస్‌ని ఒక పద్ధతిలో పేర్చి విసిరితే ఏడు తప్పించుకోవచ్చని క్లాసులు అమ్మేవాళ్లున్నారు. రెండు పాచికలూ అవతలి గోడకు తగలాలి, ఆ గోడ నిండా రబ్బరు పిరమిడ్లు. ఆ క్లాసు డబ్బుతో బఫే తినండి.

అపోహ: మధ్యలో ఉన్న పందేలు ఎక్కువ ఇస్తాయి, కాబట్టి మంచివి

స్టిక్ మీద, అంటే కర్రతో డైస్ తోసే చోట, నిలబడి టేబుల్ మధ్యలోని ఈ పందేలను గొంతెత్తి అమ్మేది నేనే, అది ఉద్యోగంలో భాగం. ఇప్పుడు లెక్క చూడండి. ఎనీ సెవెన్‌కి ఒకటికి నాలుగు ఇస్తాం. 36 త్రోలు ఒక్కో డాలర్ పెడితే ఆరుసార్లు గెలిచి 24 వస్తాయి, 30 పోతాయి. నష్టం 6, అంటే 16.67 శాతం. పన్నెండు మీద ఒకటికి 30 ఇస్తాం, అసలు ఇవ్వాల్సింది 35. అక్కడ మా వాటా 13.89 శాతం. హార్డ్ అంటే రెండు పాచికల మీదా ఒకే అంకె, 3-3, 4-4 లాగా, పడాలనే పందెం: హార్డ్ 6, హార్డ్ 8 మీద 9.09, హార్డ్ 4, హార్డ్ 10 మీద 11.11.

శాతాలు ఒంటికి తగలవు కాబట్టి డాలర్లలో చెప్తాను. గంటకు సుమారు వంద త్రోలు పడతాయి, పాస్ లైన్‌లో దాదాపు ముప్ఫై పందేలు తేలతాయి. 15 డాలర్ల చొప్పున ఆడితే సగటు నష్టం గంటకు ఆరేడు డాలర్లు. ప్రతి త్రోకీ 5 డాలర్లు ఎనీ సెవెన్ మీద వేసేవాడికి గంటకు 83. పక్కపక్కన నిలబడి అదే డైస్ చూస్తూ ఆడుతుంటారు ఇద్దరూ.

6, 8 మీద ప్లేస్ బెట్, అంటే ఏడు కంటే ముందు ఆ అంకె పడుతుందనే పందెం, వేసేవాళ్లకు ఒక మాట. దానికి 6కి 7 చొప్పున కడతాం, ఎడ్జ్ 1.52. ఆరు గుణిజాల్లోనే పెట్టండి: 12, 18, 24. 20 పెడితే 18కి 21 కట్టి, పైన ఉన్న రెండుకి రెండే ఇస్తాం. పాత లేఅవుట్లలో మూలన బిగ్ 6, బిగ్ 8 అని ఉంటాయి. అవే అంకెలు, కట్టేది ఒకటికి ఒకటి, ఎడ్జ్ 9.09. వాటిమీద ఎవరైనా పెడితే నాకు జాలేస్తుంది.

అపోహ: ఆడ్స్‌లో హౌస్ ఎడ్జ్ లేదు కాబట్టి అక్కడ గెలుస్తాం

ఆడ్స్ అంటే పాయింట్ పడ్డాక పాస్ లైన్ పందేనికి అదనంగా పెట్టేది. దానిలో ఎడ్జ్ లేదు, నిజమే. 4, 10కి ఒకటికి రెండు, 5, 9కి రెండుకి మూడు, 6, 8కి ఐదుకి ఆరు. కచ్చితంగా ఇవ్వాల్సినంతే ఇస్తాం. ఫెల్ట్ (టేబుల్ మీది గుడ్డ) మీద దానికి గడి కూడా ఉండదు, లైన్ వెనక పెట్టాలి. కానీ ఎడ్జ్ లేకపోవడం అంటే లాభం కాదు. ఊగిసలాట పెరుగుతుంది, లైన్ మీద కట్టే 1.41 అలాగే ఉంటుంది. 3-4-5 ఆడ్స్ (పాయింట్‌ని బట్టి లైన్ పందేనికి మూడు, నాలుగు, ఐదు రెట్లు) నిండా వేయడానికి జేబు సరిపోకపోతే వేయకండి. వేయకపోతే నేరమేమీ లేదు.

అపోహ: డోంట్ పాస్ ఆడటం మర్యాద కాదు

డోంట్ పాస్ అంటే షూటర్ ఓడతాడని వేసే పందెం. ఎడ్జ్ 1.36, పాస్ కంటే ఒక వెంట్రుక తక్కువ. కమౌట్‌లో పన్నెండు పడితే ఈ పందెం ఎవరిదీ కాదు, మా వాటా అంతా అక్కడే. వేసుకోండి, టేబుల్ అంతా ఏడుస్తుంటే మీరు మాత్రం ఎగరకండి.

అపోహ: తప్పు చేస్తే నవ్వుతారు, అందుకే దగ్గరికి రాకూడదు

కొడుకుతో వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు దూరంగా నిలబడి చూశారు. కొడుకు బలవంతం మీద లైన్ మీద ఒక పందెం పెట్టారు. వంతు వచ్చి స్టిక్‌తో ఐదు డైస్ ఆయన ముందుకు తోసేసరికి రెండడుగులు వెనక్కి వేశారు. వాటిలో రెండు ఎంచుకోవాలని ఆయనకెవరూ చెప్పలేదు. "వద్దంటే పక్కవాళ్లకు ఇచ్చేయొచ్చండీ, పందెం అలాగే ఉంటుంది" అని ఇంగ్లీషులోనే మెల్లగా చెప్పాను. ఆయన మొహంలో భారం దిగిపోయింది. తర్వాత గంటసేపు ఒక్కసారి కూడా డైస్ ముట్టుకోకుండా హాయిగా ఆడారు.

భయపడేవాళ్లకు కావాల్సినవి కొన్నే. డబ్బు మా చేతికి ఇవ్వకండి, తీసుకోం. త్రోల మధ్యలో ఫెల్ట్ మీద పెట్టండి, చిప్స్ ఇస్తాం. డైస్ ఒక్క చేత్తోనే పట్టుకోండి, రెండో చేతికి మార్చకండి. డైస్ గాల్లో ఉన్నప్పుడు చేతులు రెయిల్ (టేబుల్ అంచు) లోపల ఉంచకండి. పాస్ లైన్ పందెం పాయింట్ పడ్డాక వెనక్కి తీసుకోవడానికి లేదు, మాతో గొడవ పడకండి. ఏడు అనే మాట గట్టిగా అనకండి, అంటే ఏమీ కాదు గానీ పక్కవాళ్లు మిమ్మల్ని తినేసేలా చూస్తారు. ఇక మేము మీరు ఓడిపోవాలని కోరుకుంటామనేది ఒట్టి మాట. మాకు బతుకుతెరువు టిప్పులు. ఓడినవాడు టిప్పు ఇస్తాడా? పొద్దున పూట రండి, మినిమం తక్కువ ఉంటుంది, టేబుల్ ఖాళీగా ఉంటుంది, అడిగినవన్నీ ఓపిగ్గా చెప్తాం.

అపోహ: గెలిస్తే అక్కడే పన్ను పట్టుకుంటారు

క్రాప్స్‌లో టేబుల్ దగ్గర ఎవరూ పన్ను పట్టుకోరు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్లాంటి నాన్ రెసిడెంట్లకు క్రాప్స్, బ్లాక్‌జాక్, బకరా, రూలెట్ గెలుపు మీద ఫెడరల్ పన్ను అసలే లేదు. హెచ్‌వన్‌బీ మీద ఉండి ఇక్కడ పన్ను లెక్కకు రెసిడెంట్ అయినవాళ్లకు మాత్రం అది ఆదాయమే, రిటర్న్‌లో మీరే చూపించాలి. దీన్నీ నగదు రిపోర్టునీ కలిపేసి కంగారు పడేవాళ్లు చాలామంది. ఒక రోజులో 10,000 డాలర్లు దాటి నగదు చేతులు మారితే క్యాసినో ఒక ఫారం నింపి ప్రభుత్వానికి పంపుతుంది. మీ ఐడీ అడుగుతారు, అంతే, అది పన్ను కాదు. ఆ ఫారం తప్పించుకోవాలని చిప్స్‌ని నలుగురు స్నేహితులకు పంచి నాలుగు క్యాషియర్ కిటికీల దగ్గర మార్పించడం మాత్రం చేయకండి. గెలిచిన డబ్బు సక్రమమైనదే అయినా, అలా విడగొట్టడం ఫెడరల్ నేరం.