మెషిన్ ఖాళీగా కనిపిస్తే కంగారెందుకు? లీన్‌పై అపోహలు - వాస్తవాలు

ఫ్యాక్టరీ పనిలో వృథాను తగ్గించే పద్ధతే లీన్. టయోటా కంపెనీ పద్ధతి నుంచి వచ్చింది.

అపోహ: మెషిన్ ఒక్క నిమిషం ఖాళీగా ఉన్నా నష్టమే.

షాప్ ఫ్లోర్‌లో నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. లెక్క వేసి చూడండి. గంటకు కటింగ్‌లో 100 ముక్కలు, డ్రిల్లింగ్‌లో 60, గ్రైండింగ్‌లో 80 అవుతాయనుకుందాం. కటింగ్ ఆపరేటర్ షిఫ్టంతా ఒళ్లు వంచి పని చేస్తే 8 గంటల్లో డ్రిల్లింగ్ ముందు 320 ముక్కలు పేరుకుంటాయి. గేటు దాటేవి మాత్రం గంటకు 60కి మించవు.

అసలు నష్టం ఆ కుప్పలోనే ఉంది. చివర చేరిన ముక్కకు వంతు రావాలంటే 5 గంటల 20 నిమిషాలు పడుతుంది. కొలత తప్పిన సంగతి డ్రిల్లింగ్ ఫిక్స్చర్‌లో (ముక్కను కదలకుండా పట్టి ఉంచే బిగింపులో) పెట్టినప్పుడే తెలుస్తుందనుకుంటే, ఆలోగా తర్వాతి షిఫ్టులో అదే తప్పుతో మరో 500కు పైగా కోసేసి ఉంటారు. రెండింటి మధ్య 10 ముక్కలే పట్టే ట్రే పెట్టి, అది నిండగానే కటింగ్ ఆపేయమంటే? తప్పు 10 నిమిషాల్లో బయటపడుతుంది. రిపోర్టులో కటింగ్ మెషిన్ వినియోగ శాతం పడిపోతుంది, పడనివ్వండి. టయోటా పద్ధతికి రూపమిచ్చిన తైచీ ఓనో ఏడు వృథాలలో అతి ఉత్పత్తినే అన్నిటికన్నా చెడ్డదన్నారు. మిగతా వృథాలన్నీ దాని చాటునే దాక్కుంటాయి మరి.

అపోహ: తప్పు దొరికినప్పుడల్లా లైను ఆపుతూ పోతే టార్గెట్ గాలికిపోతుంది.

1924లో టయోటా గ్రూపు మూలపురుషుడు సకిచీ టయోడా తెచ్చిన మగ్గం నూలు పోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. ఆగే మగ్గానికి కాపలా అక్కర్లేదు కనుక ఒక్కరే ఎన్నో మగ్గాలు చూసుకోగలిగారు. ఆగడం వల్లే ఉత్పాదకత పెరిగిందన్నమాట. అయితే తప్పు కనిపిస్తే లాగి లైను ఆపమని పక్కన తాడు కట్టినంత మాత్రాన సరిపోదు. తాడు లాగిన ఆపరేటర్ మీద సూపర్‌వైజర్ ఒక్కసారి విసుక్కుంటే చాలు, మళ్లీ ఎవరూ దాని జోలికి పోరు.

అపోహ: 5ఎస్ (పనిచోటును పద్ధతిగా సర్ది ఉంచే ఐదు అంచెలు) అంటే ఊడ్చి, రంగులేయడం.

కాదు. ఏది ఎక్కడ లేదో చూడగానే తెలియడం. రంగు గీతలు అందుకే.

అపోహ: లీన్ అంటే మనుషులను తగ్గించడం.

అలా వాడుకున్న యాజమాన్యాలు లేకపోలేదు. కానీ లీన్ నడిచేది కార్మికుల సలహాలతోనే. తన సలహా పక్కవాడి ఉద్యోగానికే ఎసరు పెట్టిందని తెలిశాక ఏ కార్మికుడూ మళ్లీ నోరు విప్పడు.

అపోహ: డై (ప్రెస్‌లో బిగించే అచ్చు) మార్చడానికి చాలా సమయం పడుతుంది కాబట్టి పెద్ద బ్యాచ్‌లే లాభం.

ఆ సమయం రాతిలో చెక్కింది కాదు. డై మార్పును త్వరగా ముగించే పద్ధతిని నేర్పిన షిగియో షింగో పనిని రెండుగా విడదీశారు: మెషిన్ ఆపితేనే చేయగలిగేది, నడుస్తుండగానే చేసిపెట్టుకోగలిగేది. ఒకసారి ప్రెస్ దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాను. మెషిన్ 50 నిమిషాలు ఆగింది. విప్పి బిగించడానికి పట్టింది 18 నిమిషాలే. మిగతా సమయమంతా ట్రాలీ కోసం ఎదురుచూపు, స్పానర్ కోసం వెతుకులాట, ఎత్తు కుదరక మళ్లీ మళ్లీ సర్దుబాటు. కొత్త డైని ముందే ట్రాలీ ఎక్కించి ఉంచాం, డైలన్నింటి ఎత్తూ ఒకటే చేశాం. స్పానర్‌ను మాత్రం గొలుసుతో ప్రెస్‌కే కట్టేయాల్సి వచ్చింది.