అల తగ్గేదాకా ఆగే నాచు

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. వాకాడు వైపు తీరం ఇప్పుడు మనదే, కానీ అక్కడ గోధుమరంగు సముద్ర నాచు కోసం వెతికితే పెద్దగా దొరకదు. అది ఇసుక తీరం, ఈ నాచు పట్టుకుని పెరగాలంటే రాయి కావాలి. అయినా ఈ నాచు మనకు కొత్తేమీ కాదు: పంటి డాక్టరు అచ్చు తీయడానికి నోట్లో పెట్టే ఆల్జినేట్ ముద్ద వీటి నుంచి వచ్చేదే.

వీటిలో ఫ్యూకస్ అనే రకం యూరప్, ఉత్తర అమెరికా చల్లటి తీరాల్లో రాళ్ల మీద పెరుగుతుంది. ఇది అండాలనూ శుక్రకణాలనూ నేరుగా నీళ్లలోకే వదులుతుంది. అండం ఈదలేదు, మునిగిపోతుంది. శుక్రకణానికి రెండు తోకలున్నా అల ముందు వాటి బలం ఎంత? పైగా ఒకే అండంలోకి రెండు శుక్రకణాలు దూరితే ఆ పిండం బతకదు. అందుకే అలలు కొట్టే చోట అన్నీ చెదిరిపోయి ఏ కొన్ని అండాలో ఫలిస్తాయని చాలామంది అనుకునేవారు.

ఎస్టర్ సెరావ్, సుసాన్ బ్రాలీ అనే పరిశోధకుల బృందం ఉత్తర యూరప్‌లోని బాల్టిక్ సముద్రంలో చూసి 1996లో ప్రచురిస్తే అంతా తారుమారు, దాదాపు నూటికి నూరు అండాలూ ఫలదీకరణ చెందుతున్నాయి! కారణం ఏమిటంటే, నీటి గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 20 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే ఫ్యూకస్ అండాలనూ శుక్రకణాలనూ చెప్పుకోదగ్గంతగా వదులుతోంది. మన చిత్తూరు రైతు తూర్పారబట్టడానికి గాలి కోసం కాచుకున్నట్టు, ఇది అల తగ్గడం కోసం కాచుకుంటుంది.

సరే, కళ్లూ చెవులూ లేని నాచుకు నీళ్లు నిలిచాయని ఎలా తెలుస్తుంది? నన్ను బాగా పట్టేసింది ఇదే. పగటి వెలుతురులో అది కిరణజన్య సంయోగక్రియ కోసం నీటిలో కరిగిన కార్బన్‌ను తీసుకుంటూ ఉంటుంది, అలలుంటే కొత్త నీరు వచ్చి ఆ లోటు తీరుస్తుంది, అదే నీరు కదలకుండా ఉంటే నాచు ఒంటిని అంటుకున్న సన్నటి పొరలో కార్బన్ తరిగిపోతుంది. ఆ కొరతే నాచుకు అందే కబురు. ప్రయోగశాలలో నీటిని బాగా కుదిపితే విడుదల తగ్గింది. నీరు నిలకడగా ఉంచి, మందు వేసి కిరణజన్య సంయోగక్రియను ఆపినా అంతే. అంటే వెలుతురు, నిశ్చలత రెండూ కుదరాలి. తిండి తయారుచేసుకునే పనితోనే అది అలలను కూడా పసిగడుతోందంటే, నాకు ఇది ఎంత చెప్పుకున్నా తనివితీరని విషయం.

విశాఖ రాళ్ల మీద పెరిగే మన సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు దారి కొంచెం వేరు. దాని అండాలు బయటికొచ్చినా వెంటనే కొట్టుకుపోవు, తల్లి నాచుకే జిగురుతో అంటుకుని ఉంటాయి, అక్కడే ఫలించి కణవిభజన మొదలయ్యాకే రాలతాయి. మరి అది కూడా నీరు నిలిచేదాకా ఆగుతుందా అన్నది మన ఎస్వీ యూనివర్సిటీ వృక్షశాస్త్రం పిల్లలు చేసి చూడదగ్గ ప్రయోగం. కాసిని గాజు గిన్నెలు, సముద్రపు నీరు, మంచి వెలుతురు, గిన్నెలను కుదిపే ఒక షేకర్ ఉంటే మొదలుపెట్టొచ్చు.