లాంటానా ఎండిపోయిందని పీకేయకండి: చలికాలం, కటింగ్ మీద అపోహలు - వాస్తవాలు

ఒడిశా కొండల మీద కొరాపుట్, సెమిలిగుడ, సునాబెడ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లకి మొక్కలిస్తుంటాను, నర్సరీ పని నాది. జనవరి వచ్చిందంటే చాలు ఫోన్లు, "లాంటానా చచ్చిపోయిందండీ, వేరేది పంపించండి" అని. వెళ్లి చూస్తే, గుత్తులుగా పూసే ఈ పూలపొద చాలావరకు బతికే ఉంటుంది.

అపోహ: ఆకులు రాలి పుల్లలు మిగిలాయంటే మొక్క పోయినట్టే.

వాస్తవం: ఇది పుట్టింది అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాల్లో. ఇక్కడ కొండమీద రాత్రి చలి బాగా దిగితే ఎదగడం ఆపేసి ఆకు రాల్చేస్తుంది. కొమ్మ మీద బెరడుని గోటితో కాస్త గీకండి, లోపల పచ్చగా తడిగా ఉంటే బతికున్నట్టే, గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ వరకే పోయింది, ఇంకాస్త కిందకి దిగి గీకండి, మొదలు దాకా చూడకుండా మాత్రం పీకొద్దు. మొదలు దగ్గర పచ్చదనం ఉంటే ఎండలు ముదిరేసరికి అక్కణ్ణించే చిగురేస్తుంది.

అపోహ: దీపావళి అవగానే పొట్టిగా కొట్టేస్తే చలికి తట్టుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ మొక్కల్ని చంపేది ఇదే. కోత పడగానే లాంటానా చిగురు తోస్తుంది, ఆ లేత చిగురు చలికి మాడిపోతుంది, మొక్క దాచుకున్న బలమంతా దానికే ఖర్చయిపోతుంది. పాత కొమ్మలు, రాలిన ఆకు అలా ఉండనివ్వండి, మొదలుకి అవే దుప్పటి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, కొండమీద కత్తెర తియ్యాల్సింది అప్పుడే. పర్లాకిమిడి, గుణుపురం లాంటి కింది ఊళ్లలో అంత చలి ఉండదు కాబట్టి సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకే చేసుకోవచ్చు.

అపోహ: ఎక్కువ కోస్తే ఆ ఏడు పూలు రావు.

పూలు వచ్చేదే కొత్త చిగురు మీద అండీ, కొయ్యకపోతేనే కింద బోసిపోయి చివర్న నాలుగు పూలు పూస్తుంది. ముందు ఎండినవి తీసేయండి, తర్వాత నేలలో ముదిరిన మొక్కైతే అడుగు ఎత్తుకి దించినా పర్లేదు, కుండీలోదైతే సగం చాలు. గ్లౌజులు వేసుకోండి, ఆకు గరుకు, కొందరికి దురద వస్తుంది. కోశాక గుప్పెడు మాగిన గెత్తం (పశువుల ఎరువు) వేస్తే సరిపోతుంది, యూరియా పోస్తే ఆకే తప్ప పువ్వుండదు.

చలిలో రోజూ నీళ్లు పొయ్యడం కూడా తప్పే, ఆకు లేని మొక్క నీళ్లు తాగదు, వేరు కుళ్లిపోతుంది. పైమట్టి వేలితో చూసి పొడిగా ఉంటేనే కొంచెం పొయ్యండి. మంచు పడే రాత్రి ప్లాస్టిక్ కవరు ఆకులకి తగిలేలా చుట్టేస్తున్నారు, వద్దు, గోనెసంచో పాత చీరో కప్పి పొద్దున్నే తీసేయండి, కుండీలైతే గోడవారకి జరపండి.

అపోహ: పశువులు దీన్ని ముట్టవు, కొమ్మలు రోడ్డు పక్కన పడేస్తే ఏం కాదు.

మామూలుగా ముట్టవు, నిజమే. కానీ మనం కోసేది సరిగ్గా కొండల మీద గడ్డి ఎండిపోయే రోజుల్లో, ఆకలి మీదున్న ఆవు తినేస్తుంది. ఇందులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కామెర్లు వస్తాయి, ఎండ తగిలితే తెల్లచర్మం ఉన్నచోట పుండ్లు పడి ఊడొస్తుంది. ఎండిన ఆకులోనూ విషం ఉంటుంది. ఆ ఆవు ఏ పేదింటిదో, పాలమ్ముకుని బతికేవాళ్లదో ఆలోచించండి. పెరట్లోనే గొయ్యి తీసి పూడ్చేయండి.

పచ్చికాయలు పిల్లల నోటికి అందనివ్వొద్దు. చుట్టూ కొండల్ని కప్పేసిన పులికంప కూడా ఇదే, ఒకప్పుడు తోటల కోసం తెచ్చిన మొక్కే, పిట్టలు పండు తిని గింజని అడవిలో వేస్తాయి. అందుకే కాయ కట్టని రకం అడిగి తీసుకోండి, మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకపోతే పువ్వు వాడగానే ఆ గుత్తి తుంచేయండి, కాయ నల్లబడేదాకా ఉంచొద్దు.