గంట మోగుతోంది, ఎద్దు నడుస్తోందా?

చిరంజీవి బన్నీకి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాను. కొత్త కంప్యూటర్‌లో లోపలి వేగం, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం వేసుకున్నావు, మంచిదే. ఎర్ర గీత గీసి నువ్వడిగిన ప్రశ్న ఇంకా నచ్చింది. "తాతయ్యా, కోర్ క్లాక్ 5100 అంటోంది, ఎఫెక్టివ్ క్లాక్ మాత్రం 38 అంటోంది. రెండిట్లో ఏది అబద్ధం?" ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు గానీ, నేను ఉత్తరం రాసి చాలా కాలమైంది. మీ స్నేహితులంతా ఈ సెలవుల్లో కంప్యూటర్ల స్పీడు పెంచే పనిలో పడ్డారని మీ అమ్మ చెప్పింది. వాళ్ళకీ చదివి వినిపించు.

నా చిన్నప్పుడు తణుకు దగ్గర మా ఊళ్ళో, మా వెనక వీధిలో గానుగ ఉండేది. కళ్ళకు గంతలు కట్టిన ఎద్దు పొద్దుటి నుంచీ అదే చుట్టు తిరుగుతూ ఉండేది. కాడికి కట్టిన దుంగ మీద బరువు కోసం రాయి పెట్టేవారు. మేం బడి ఎగ్గొట్టి వెళితే గానుగ మామ ఆ రాయి దించేసి మమ్మల్ని కూర్చోబెట్టేవాడు. ఊరికే తిరగడం మాకు, బరువు ఆయనకు! దిగేటప్పుడు గుప్పెడు తెలకపిండిలో బెల్లం ముక్క నలిపి పెట్టేవాడు. ఇప్పటికీ నువ్వుల నూనె వాసన తగిలితే నాకు ఆ దుంగ కిర్రుమనడం వినిపిస్తుంది.

సరే, ఎద్దు మెడలో గంట ఉండేది. దాని మీద ఒక పాత కథ ఉంది. తర్కశాస్త్రం చదివిన పండితుడొకాయన నూనెకు వచ్చి "ఈ గంట ఎందుకయ్యా?" అన్నాడట. "నేను లోపల పనిలో ఉన్నా ఎద్దు తిరుగుతోందో ఆగిందో తెలియడానికండీ." "మరి అది నిలబడే తల ఊపుతూ ఉంటే?" గానుగవాడు దండం పెట్టి "నా ఎద్దు తర్కం చదువుకోలేదు స్వామీ. దానికి ఇవన్నీ నేర్పకుండా మీరు నూనె ఇంకోచోట కొనుక్కోండి" అన్నాడట.

బన్నీ, మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ ప్రాసెసర్, ఆ రైజన్ 7600, తర్కం తప్ప ఇంకేమీ చదువుకోని ఎద్దు.

5100 అనేది గంట. 5100 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 510 కోట్ల టిక్కుల వేగం మీద ఆ కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక భాగం) ఉందని అర్థం. కానీ నువ్వు ఫోటో తీసినప్పుడు ఏ ఆటా నడవడం లేదు కదా? పని లేనప్పుడు కోర్ నిద్రపోతుంది. లేచిన కాసేపూ 5100 వేగంతో పని చేసి మళ్ళీ పడుకుంటుంది. 38 అనేది నిద్రను కూడా కలిపి తీసిన సగటు, అంటే నిజంగా తిరిగిన చుట్లు. లెక్క కట్టు, ఆ సెకనులో అది నూటికి ఒక్క పాలు కూడా మెలకువగా లేదు! రెండూ నిజమే. ఒకటి గంట, ఒకటి నూనె.

ఆ ఒక్క టిక్కు ఎంత చిన్నదో తెలుసా? సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి కూడా ఆ టిక్కులో ఆరు సెంటీమీటర్లు దాటదు. నీ చూపుడు వేలు కొలుచుకో. నేను ఈ మాట రాసి కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

ఇక స్పీడు పెంచడం. మూలంలో పాటకు తాళం వేసినట్టు టిక్కుటిక్కుమనే 100 మెగాహెర్ట్జ్ తాళం ఒకటి ఉంటుంది, దాన్ని 51తో గుణిస్తే 5100. ఎద్దును ఇంకా తొందరగా నడిపించాలంటే ఉలవలు ఎక్కువ పెట్టాలి, ఇక్కడ ఉలవలంటే వోల్టేజీ. ఈ ఉలవలతోనే చిక్కు. 1.2 వోల్టులు ఉన్నదాన్ని 1.4 చేశావనుకో, వేగం ఏమీ పెంచకపోయినా కాలే కరెంటు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. అదంతా వేడే. నురగ కక్కే ఎద్దు తనే నడక తగ్గించినట్టు, నీ ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గర తనే వేగం తగ్గించుకుంటుంది. అందుకని ఒంటి మీద చెయ్యి వేసి చూడటానికే ఈ హెచ్‌డబ్ల్యూఇన్ఫో. గ్రాఫిక్స్ కార్డుకైతే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం. నీ ప్రాసెసర్‌కు వోల్టేజీ మరీ తగ్గించినా తంటాయే. పని నిండా ఉన్నా పై అంకె (కోర్ క్లాక్) 5100 దగ్గరే ఉంటుంది, కింది అంకె (ఎఫెక్టివ్ క్లాక్) వెనకబడుతుంది. అచ్చంగా నిలబడి తల ఊపడమే!

కానీ ఒక చోట నా ఎద్దు ఉపమానం పనికిరాదు. ఎద్దు అలిసిపోతే ఆగుతుంది, పడుకుంటుంది. ప్రాసెసర్ ఆగకుండానే తప్పు జవాబు చెప్పగలదు.

1999లో నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో సెలెరాన్ 300ఏ అనే ప్రాసెసర్ కొన్నాను. దాని తాళం 66, గుణకం నాలుగున్నర. తాళాన్ని 100 చేస్తే 300ది కాస్తా 450 అయ్యేది. నేనూ చేశాను. రెండు నెలలు ఎగిరెగిరి పడ్డాను. ఎండాకాలంలో ఒక రాత్రి మా కాలేజీ పిల్లల మార్కులన్నీ జిప్ చేసి, చోటు కోసం అసలు ఫైలు చెరిపేసి, ఫ్లాపీలో కాలేజీకి వేసుకెళ్ళాను. అక్కడ విప్పితే సీఆర్‌సీ ఎర్రర్, అంటే లోపలి డేటా సరిపోలడం లేదని. ఫ్లాపీ పాడైందనుకుని మూడు మార్చాను, అదే ఎర్రర్. తెర గడ్డకట్టలేదు, పొగ రాలేదు, కంప్యూటర్ ఎంచక్కా నడిచింది. లోపల ఎక్కడో ఒక లెక్క తప్పింది, అంతే. మీ అమ్మమ్మ మార్కులు చదువుతుంటే నేను తెల్లారేదాకా మళ్ళీ టైపు కొట్టాను. ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

అందుకే స్పీడు పెంచినవాళ్ళు ప్రైమ్95 అనే ప్రోగ్రాం నడుపుతారు. జార్జ్ వోల్ట్‌మన్ అనే ఆయన 1996లో పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి దాన్ని మొదలుపెట్టాడు. అలా వెతికే ఆయన జట్టు 2024లో పట్టుకున్న సంఖ్యకు 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి! అన్ని అంకెల లెక్కలో ఒక్కటి తప్పినా మొత్తం వృథా. అందుకని అందులో ఒక పరీక్ష పెట్టారు. జవాబు ముందే తెలిసిన లెక్కలు నీ ప్రాసెసర్ చేత చేయించి, సరిచూస్తుంది. తప్పితే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది, "రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ రావాలి" అని. ఎంత వేగంగా నడిచిందని నీ స్నేహితులు గొప్పలు పోతే, ఈ పరీక్షలో ఎంతసేపు నిలిచిందో అడుగు.

నువ్వు మాత్రం ఇప్పుడే ఏమీ పెంచకు. రేపు పొద్దున్నే, ఎండ ముదరకముందు, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూసుకుని ప్రైమ్95 పది నిమిషాలు నడుపు. పక్కన ఆ రెండు క్లాకుల అంకెలూ పెట్టుకో. క్యాబినెట్ వెనక చెయ్యి పెట్టి గాలి ఎప్పుడు వేడెక్కిందో చూడు. కిందున్న 38 పైకి లేచి పై అంకెను ఎంతసేపటికి అందుకుందో, అసలు అందుకుందో లేదో, నాకు కాగితం మీద రాసి పంపు. వాట్సాప్ వద్దు.

ప్రేమతో,
తాతయ్య